పెద్దవయసులో వదలని నడుంనొప్పి: ప్రోస్టేట్ కాన్సర్ ఎముకల్లోకి ఎలా చేరుతుంది?

60 దాటిన మగవాడు నడుం నొప్పిగా ఉందంటే మన ఇళ్లలో ఎవరూ పెద్దగా కంగారు పడరు. "వయసు మీద పడింది, వాతం చేసి ఉంటుంది" అంటారు. తైలం రాసి, వేడినీళ్ల కాపడం పెట్టి, మందుల షాపు నుంచి నాలుగు నొప్పి బిళ్లలు తెచ్చిపెడతారు. చాలామందికి ఇది సరిపోతుంది కూడా. ఎందుకంటే నడుంనొప్పుల్లో అధిక భాగం కండరాలు పట్టెయ్యడం వల్ల, వెన్నుపూసల మధ్య డిస్కులు అరిగిపోవడం వల్ల వచ్చేవే.

కాని కొద్దిమందిలో అసలు జబ్బు మొదలైంది నడుంలో కాదు. పొత్తికడుపు అడుగున ఉండే ప్రోస్టేట్ గ్రంథిలో కాన్సర్ పుట్టి, చడీచప్పుడు లేకుండా పెరిగి, వెన్నుపూసల్లోకి చేరుతుంది. రోగికి తెలిసే మొట్టమొదటి లక్షణం నడుంనొప్పే కావచ్చు. ఇలాంటివారిని వేళకు గుర్తిస్తే, చాలామంది మందులతో కొన్నేళ్లపాటు తమ పనులు తాము చేసుకుంటూ తిరగగలరు. గుర్తించడం ఆలస్యమైతే ఒక్కోసారి కాళ్లు పడిపోయి మంచాన పడతారు. తేడా ఇంత పెద్దది కాబట్టే ఈ సంగతి ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి.

ఆ గ్రంథి ఎక్కడ ఉంటుంది?

ప్రోస్టేట్ గ్రంథి మగవారికి మాత్రమే ఉంటుంది. మూత్రాశయానికి సరిగ్గా కింద, పురీషనాళానికి ముందువైపు, పెద్ద ఉసిరికాయంత ఉంటుంది. మూత్రనాళం దీని మధ్యలోంచే బయటికి వస్తుంది. వీర్యంలో కలిసే ఒక ద్రవాన్ని తయారుచేయడం దీని పని. ఈ గ్రంథి పెరగాలన్నా, పనిచేయాలన్నా ముఖ్యంగా వృషణాల నుంచి వచ్చే టెస్టోస్టెరోన్ అనే హార్మోను కావాలి. ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి. తర్వాత చెప్పబోయే చికిత్సకు ఇదే పునాది.

వయసుతో పాటు ఈ గ్రంథి ఉబ్బడం మామూలే. రాత్రిళ్లు మూడు నాలుగుసార్లు లేవవలసి రావడం, ధార సన్నబడటం, ఇంకా మిగిలి ఉందనిపించడం దాని లక్షణాలు. ఇది కాన్సర్ కాదు, కాన్సర్‌గా మారదు కూడా. అయితే రెండూ ఒకే మనిషికి ఉండవచ్చు.

మామూలు ఉబ్బు మూత్రనాళం చుట్టూ ఉండే లోపలి భాగంలో వస్తుంది. అందుకే మూత్రానికి త్వరగా అడ్డం పడుతుంది. కాన్సర్ మాత్రం ఎక్కువగా గ్రంథి వెలుపలి అంచున, వెనకవైపు పుడుతుంది. అక్కడ అది చాలాకాలం మూత్రనాళాన్ని ఒత్తకుండానే పెరగగలదు. కాబట్టి "మూత్రం బాగానే వస్తోంది కదా, ప్రోస్టేట్ జబ్బు ఎలా ఉంటుంది?" అని ధీమాగా ఉండటానికి వీల్లేదు.

ఎముకల్లోకే ఎందుకు వెళుతుంది?

2000లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, ప్రోస్టేట్ కాన్సర్ ఉన్న 1,589 మంది శవపరీక్షల వివరాలు చూశారు. రక్తం ద్వారా దూరభాగాలకు కాన్సర్ పాకినవారిలో 90 శాతం మందికి అది ఎముకల్లోనే కనిపించింది. ఊపిరితిత్తులు, కాలేయం ఆ తర్వాతి స్థానాల్లో ఉన్నాయి. అందులోనూ నడుం దగ్గరి వెన్నుపూసలు, కటి ఎముకలు, పక్కటెముకలు, తొడ ఎముక పైభాగం దీనికి ఇష్టమైన చోట్లు.

దీనికి ఒక కారణాన్ని 1940లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆస్కార్ బాట్సన్ అనే శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు చూపించాడు. ఆయన శవాలలో పురుషాంగం మీది సిరలోకి, ఎక్స్‌రేలో కనబడే ద్రవాన్ని ఎక్కించాడు. అది మామూలు దారిన గుండె వైపే పోకుండా, కటి భాగం నుంచి వెన్నెముక చుట్టూ అల్లుకుని ఉండే సిరల వలలోకి పాకింది. మన కాళ్ల సిరల్లో రక్తం వెనక్కి జారకుండా కవాటాలు ఉంటాయి. వెన్నెముక చుట్టూ ఉన్న ఈ సిరల్లో అవి లేవు. కడుపులో ఒత్తిడి పెరిగినప్పుడు రక్తం ఇటూ అటూ ఎటైనా మళ్లుతుంది. ప్రోస్టేట్ నుంచి రక్తంలోకి జారిన కాన్సర్ కణాలకు ఇది అడ్డదారి.

దారి ఉన్నంత మాత్రాన సరిపోదు. వెళ్లినచోట నిలబడాలి కదా! ఈ సంగతిని అంతకు 50 ఏళ్ల ముందే, 1889లో, స్టీఫెన్ పాజెట్ అనే లండన్ సర్జన్ చెప్పాడు. విత్తనాలు గాలికి నలుదిక్కులా ఎగిరినా తగిన నేల దొరికినచోటే మొలకెత్తుతాయి, కాన్సర్ కణాలూ అంతేనన్నాడు. ఆయన చెప్పింది రొమ్ము కాన్సర్ గురించి. కాని ఆ మాట ప్రోస్టేట్ కాన్సర్‌కు కూడా అతికినట్టు సరిపోతుంది. ఎముకల లోపలి మూలుగ నుంచి వెలువడే కొన్ని రసాయనాలు ఈ కణాలను ఆకర్షిస్తాయని, అక్కడ అవి అతుక్కుని ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండగలవని తర్వాతి పరిశోధనల్లో తేలింది. గ్రంథికి ఆపరేషన్ అయి, అంతా నయమైందనుకున్న కొందరిలో ఎన్నో ఏళ్లకు ఎముకల్లో జబ్బు బయటపడటానికి కారణం ఇదే.

ఎముక లోపల ఏం జరుగుతుంది?

ఎముక రాయిలా మార్పు లేకుండా పడి ఉండేది కాదు. దాన్ని మన శరీరం జీవితాంతం కూలుస్తూ, కడుతూ ఉంటుంది. పాత ఎముకను తొలిచే కణాలు ఒక రకం, కొత్త ఎముకను కట్టే కణాలు మరో రకం. కూలీలు పాత గోడ కొంచెం కూల్చడం, వెనకనే తాపీ మేస్త్రీలు కొత్త గోడ లేపడం అన్నమాట. ఆరోగ్యవంతుడిలో ఈ రెండు పనులూ సమంగా సాగుతాయి.

కాన్సర్ కణాలు వచ్చి చేరగానే ఈ సమతూకం తప్పుతుంది. అవి విడుదల చేసే పదార్థాల వల్ల మేస్త్రీలు అదుపు లేకుండా కట్టడం మొదలుపెడతారు. చాలా కాన్సర్లు ఎముకను తొలిచి గుల్ల చేస్తే, ప్రోస్టేట్ కాన్సర్ ఎక్కువగా ఎముకను మందం చేస్తుంది. అందుకే ఎక్స్‌రేలో ఆ చోటు తెల్లగా, గట్టిపడినట్టు కనిపిస్తుంది. కాని చూడటానికే గట్టి. ఇటుకలు వరస కుదరకుండా, సిమెంటు పాళ్లు చూడకుండా హడావుడిగా లేపిన గోడ ఎంత గట్టిదో అదీ అంతే. చిన్న దెబ్బకు, ఒక్కోసారి మంచం దిగబోయి తూలినా విరగవచ్చు.

మరోపక్క తొలిచే కణాలు కూడా ఊరుకోవు. అవి పాత ఎముకను తొలిచినప్పుడల్లా అందులో దాగి ఉన్న పెరుగుదల పదార్థాలు బయటపడతాయి. వాటిని తిని కాన్సర్ మరింత బలుస్తుంది. బలిసిన కాన్సర్ ఎముకను మరింత చెడగొడుతుంది. ఈ విషవలయాన్ని ఎక్కడో ఒకచోట తెంచడమే చికిత్స లక్ష్యం.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా తెలుసుకోవాలి. ఎముకల్లో ఉన్నా ఇది "ఎముకల కాన్సర్" కాదు, ప్రోస్టేట్ కాన్సరే. మందులు కూడా ప్రోస్టేట్ కాన్సర్‌వే పనిచేస్తాయి.

ఏ నొప్పిని అనుమానించాలి?

బరువు ఎత్తినప్పుడు పట్టేసి, నాలుగు రోజులు విశ్రాంతి తీసుకుంటే తగ్గే నొప్పికి భయపడనక్కరలేదు. పెద్దవయసు మగవారిలో ఈ కింది లక్షణాలు ఉంటే మాత్రం డాక్టరుకు చూపించాలి:

1. కొత్తగా మొదలై, వారాల తరబడి తగ్గకపోగా రోజురోజుకూ పెరిగే నొప్పి.

2. పడుకున్నా తగ్గని, రాత్రిపూట నిద్ర లేపే నొప్పి. ఇలాంటివారు మంచం మీద పడుకోలేక కుర్చీలో కూర్చుని తెల్లవారుస్తుంటారు.

3. నడుంతో పాటు తుంటి, పక్కటెముకలు, భుజం, ఇలా సంబంధం లేని రెండు మూడు చోట్ల నొప్పి.

4. నొప్పితో పాటు బరువు తగ్గడం, ఆకలి లేకపోవడం, రక్తం తగ్గి పాలిపోవడం.

5. మూత్రంలో రక్తం, మూత్రం బిగపట్టడం.

6. ఇంతకుముందు ప్రోస్టేట్ కాన్సర్‌కు చికిత్స పొంది ఉండటం. అది పదేళ్ల కిందటిదైనా సరే డాక్టరుకు చెప్పాలి.

ఈ లక్షణాలు కనబడగానే కాన్సరేనని నిశ్చయించుకోకండి. వెన్నెముకకు వచ్చే క్షయ, ఎముకలు గుల్లబారడం వంటి వాటిలోనూ ఇలాగే ఉండవచ్చు. వాటికి కూడా చికిత్స ఉంది, వాటినీ ఆలస్యం చేయకూడదు. పరీక్ష చేయించకుండా నడుం తొక్కించుకోవడం, గట్టిగా మర్దనా చేయించుకోవడం, కట్లు కట్టించుకోవడం మాత్రం వద్దు. లోపల బలహీనపడిన ఎముక ఆ ఒత్తిడికి విరగవచ్చు.

ఒక్కపూట కూడా ఆగకూడని సందర్భం

జబ్బు పట్టిన వెన్నుపూస కుంగినా, కణితి పక్కకు పెరిగినా వెన్నుపాము మీద ఒత్తిడి పడుతుంది. ముందు నడుం చుట్టూ పట్టీ బిగించినట్టు నొప్పి వస్తుంది. తర్వాత కాళ్లు బరువెక్కుతాయి. మెట్లు ఎక్కలేకపోవడం, కాళ్లు తడబడటం, చెప్పులు జారిపోయినా తెలియకపోవడం, తిమ్మిర్లు, మలమూత్రాల మీద అదుపు తప్పడం జరుగుతాయి.

దీన్ని గుండెపోటంత అత్యవసరంగా భావించాలి. "నీరసం వల్ల కాళ్లు తేలిపోతున్నాయి, సోమవారం చూపిద్దాం" అనుకోవద్దు. ఆ రోజే, ఆ పూటే, ఎం.ఆర్.ఐ. స్కానింగ్ సౌకర్యం ఉన్న పెద్ద ఆస్పత్రికి తీసుకుపోవాలి. అక్కడ వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు మొదలుపెట్టి, రేడియేషన్ గాని ఆపరేషన్ గాని చేస్తారు. ఇంకా నడవగలుగుతుండగా ఆస్పత్రికి చేరినవారిలో చాలామంది నడక నిలబెట్టుకుంటారు. కాళ్లు పూర్తిగా పడిపోయాక వచ్చినవారిలో తిరిగి నడిచేవారు తక్కువ. ఈ వ్యాసంలో మరేదీ గుర్తుండకపోయినా ఈ ఒక్కటి గుర్తుంచుకోండి.

ఏ పరీక్షలు చేస్తారు?

డాక్టరు ముందుగా మలద్వారం గుండా వేలితో ప్రోస్టేట్‌ను పరీక్షిస్తారు. అర నిమిషం పని. సిగ్గుపడి వద్దనకండి. గ్రంథి గట్టిగా, గడ్డలుగా తగిలితే అనుమానించాలి.

తర్వాత రక్తంలో పి.ఎస్.ఎ. పరీక్ష. సాధారణంగా 4 నానోగ్రాములు దాటితే ఎక్కువ అంటారు గాని, వయసును బట్టి ఈ లెక్క మారుతుంది. మామూలు ఉబ్బులోనూ, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడూ కూడా ఇది పెరుగుతుంది. కాబట్టి అంకె చూసి మీరే తీర్పు చెప్పుకోవద్దు. మరో సంగతి. ప్రోస్టేట్ ఉబ్బుకు ఫినాస్టెరైడ్, డ్యుటాస్టెరైడ్ అనే బిళ్లలు కొన్ని నెలలుగా వాడుతుంటే పి.ఎస్.ఎ. దాదాపు సగానికి పడిపోయి కనిపిస్తుంది. ఆ బిళ్లలు వాడుతున్నట్టు తప్పకుండా చెప్పాలి.

కాన్సర్ అవునో కాదో సాధారణంగా గ్రంథి నుంచి సన్నని ముక్కలు తీసి బయాప్సీ చేసి తేలుస్తారు. "సూది గుచ్చితే కాన్సర్ ఒళ్లంతా పాకుతుంది" అనే భయం చాలామందికి ఉంది. ఆ భయంతో బయాప్సీ మానేస్తే జరిగే నష్టమే ఎక్కువ. ఎముకలకు చేరిందో లేదో బోన్ స్కాన్, సి.టి., ఎం.ఆర్.ఐ., కొత్తగా వచ్చిన పి.ఎస్.ఎం.ఎ. పెట్ స్కాన్ వంటి వాటితో చూస్తారు.

మన తెలుగు ప్రాంతాల్లో ఇంకో చిక్కు ఉంది. నల్లగొండ పల్లెల్లోనూ, ప్రకాశం ప్రాంతంలోని కనిగిరి, దర్శి, పొదిలి వైపునా దశాబ్దాలపాటు ఫ్లోరైడ్ నీళ్లు తాగినవారి వెన్నుపూసలు కూడా ఎక్స్‌రేలో చిక్కగా, తెల్లగా కనిపిస్తాయి. నడుం బిగుసుకుపోవడం, నొప్పి వారిలోనూ ఉంటాయి. ఫ్లోరోసిస్‌ను చూసి కాన్సర్ అనుకోవచ్చు. కాన్సర్‌ను చూసి "ఇది ఈ ఊళ్లో అందరికీ ఉన్నదే" అని వదిలెయ్యవచ్చు కూడా. కాబట్టి ఆ ప్రాంతాలవారు ఇప్పుడు ఏ పట్నంలో ఉంటున్నా, చిన్నప్పుడు ఏ ఊరి నీళ్లు తాగారో డాక్టరుకు చెప్పడం మంచిది.

ఎముకలకు పాకాక చికిత్స ఉందా?

ఉంది. జబ్బును పూర్తిగా తుడిచిపెట్టడం సాధారణంగా సాధ్యం కాదు. కాని అణచి ఉంచడం సాధ్యం.

1941లో షికాగోలో చార్లెస్ హగిన్స్ అనే సర్జన్, క్లారెన్స్ హాడ్జెస్‌తో కలిసి, టెస్టోస్టెరోన్ అందకుండా చేస్తే పాకిపోయిన ప్రోస్టేట్ కాన్సర్ కూడా వెనక్కి తగ్గుతుందని చూపించాడు. ఎముకల నొప్పితో మూలుగుతున్నవారికి త్వరగా ఉపశమనం కలిగింది. దీనికి ఆయనకు 1966లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పటికీ చికిత్సకు మొదటి మెట్టు అదే.

దీన్ని రెండు విధాలుగా చేయవచ్చు. వృషణాలను తొలగించడం ఒకటి. చిన్న ఆపరేషన్, ఖర్చు తక్కువ, ఒక్కసారితో అయిపోతుంది. నెలకో మూడు నెలలకో ఒక ఇంజెక్షన్ తీసుకోవడం రెండోది. ల్యూప్రోలైడ్ వంటి కొన్ని ఇంజెక్షన్లు మొదటి ఒకటి రెండు వారాల్లో టెస్టోస్టెరోన్‌ను తాత్కాలికంగా పెంచుతాయి. అప్పుడు నొప్పి ఎక్కువ కావచ్చు. అలా కాకుండా ముందుగా కొన్ని బిళ్లలు ఇస్తారు. వాటిని మానకూడదు.

ఇప్పుడు చాలామందికి దీనికి తోడుగా మొదటినుంచే మరో మందు కలుపుతున్నారు. డోసీటాక్సెల్ అనే కీమోథెరపీ మందు కలిపితే ఆయుర్దాయం పెరుగుతుందని 2015 ప్రాంతంలోనూ, అబిరాటెరోన్ బిళ్లలు కలిపినా పెరుగుతుందని 2017లోనూ రుజువైంది. అబిరాటెరోన్ మన దేశంలో అనేక కంపెనీలు తయారు చేస్తున్నాయి. వాడేటప్పుడు బి.పి., రక్తంలో పొటాషియం చూపించుకుంటూ ఉండాలి.

నొప్పి ఒకే చోట ఎక్కువగా ఉంటే అక్కడ రేడియేషన్ ఇస్తారు. చాలామందికి ఒక్క విడత చాలు. విరిగేలా ఉన్న తొడ ఎముకకు ముందే రాడ్ వేస్తారు. హార్మోను మందులకు జబ్బు లొంగనప్పుడు, ఎముక విరగకుండా కొందరికి జోలెడ్రోనిక్ ఆమ్లం, డెనోసుమాబ్ ఇంజెక్షన్లు ఇస్తారు. వీటికి ముందు పళ్ల డాక్టరుకు చూపించి, పీకవలసిన పళ్లు ఉంటే పీకించుకోవాలి. లేకపోతే అరుదుగా దవడ ఎముక పాడవుతుంది. నొప్పి తీవ్రంగా ఉన్నవారికి డాక్టరు పర్యవేక్షణలో ఇచ్చే మార్ఫిన్ మంచి మందు. అలవాటు పడతారనే భయంతో మనిషిని నొప్పికి వదిలెయ్యడం న్యాయం కాదు.

ఇంట్లో తీసుకోవలసిన జాగ్రత్తలు

హార్మోను తగ్గించే చికిత్సతో ఒళ్లంతా ఆవిర్లు రావడం, కోరిక తగ్గడం, కండ తగ్గి బరువు పెరగడం, ఎముకలు పలచబడటం, షుగరు పెరగడం జరగవచ్చు. డాక్టరు వద్దంటే తప్ప రోజూ నడవాలి. పాలు, పెరుగు, రాగులు ఆహారంలో ఉండాలి. కాల్షియం, విటమిన్ డి ఎంత వేసుకోవాలో డాక్టరు చెబుతారు. పొగతాగడం మానాలి. బాత్రూములో నాచు, తడి లేకుండా చూసి, గోడకు పట్టుకునే కమ్మీ బిగించండి. రాత్రిపూట చిన్న లైటు వెలుగుతూ ఉండాలి.

భార్యాభర్తల మధ్య ఈ చికిత్స తెచ్చే మార్పు గురించి ఇద్దరూ కలిసి డాక్టరుతో మాట్లాడటం మంచిది. మగతనం పోయిందని కుమిలిపోయి మందులు మానేసేవారున్నారు. ఇది అంటువ్యాధి కాదు. భార్యకు గాని, ఎత్తుకున్న మనవడికి గాని సోకదు. అయితే తండ్రికో అన్నకో ఈ జబ్బు ఉన్నవారికి వచ్చే అవకాశం ఇతరులకంటే ఎక్కువ. వారు 45 ఏళ్లు దాటాక పి.ఎస్.ఎ. పరీక్ష విషయం డాక్టరుతో మాట్లాడాలి.

ఖర్చుకు భయపడి ఆగిపోకండి. హైదరాబాదులో ప్రభుత్వ ఎం.ఎన్.జె. కాన్సర్ ఆస్పత్రి, విశాఖపట్నంలో హోమీ భాభా కాన్సర్ ఆస్పత్రి ఉన్నాయి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద అనేక కాన్సర్ చికిత్సలు జరుగుతాయి. మీ చికిత్స అందులో వస్తుందో లేదో ముందే కనుక్కోండి.

మన పెద్దవాళ్లు మూత్రం సంగతి కూతురి ముందు, కోడలి ముందు చెప్పుకోవడానికి సిగ్గుపడతారు. నొప్పిని కూడా "ఉన్నదేలే" అని దాచుకుంటారు. కాబట్టి ఇంట్లోవాళ్లే కనిపెట్టాలి. మీ నాన్నగారో మామగారో కొన్ని వారాలుగా రాత్రిళ్లు నిద్రపోవడం లేదా? కుర్చీలోంచి లేవడానికి చేతులు ఊనుతున్నారా? నడక మారిందా? అడగండి. నొప్పి బిళ్లల అట్ట ఇంకొకటి కొనేముందు ఒకసారి డాక్టరుకు చూపించండి. కాళ్లలో బలం తగ్గిందంటే మాత్రం తెల్లవారేదాకా కూడా ఆగకండి.